అంతర్దేశీయ వివాహాలు - పత్రాలు, పేరు మార్పు

వేర్వేరు దేశాల పౌరులైన ఇద్దరి మధ్య జరిగే వివాహాన్ని అంతర్దేశీయ వివాహం అంటారు. ఇటువంటి వివాహం కనీసం రెండు దేశాల చట్టాలకు లోబడి ఉంటుంది. పెళ్ళి ఏ చట్టం క్రింద జరిగింది, దాని ధ్రువపత్రాన్ని రెండవ దేశం ఏ విధంగా అంగీకరిస్తుంది, పెళ్ళి తరువాత దంపతుల పేర్లు ఏమవుతాయి అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వీటిలో ఒకదానికి సమాధానం దొరికినంత మాత్రాన మిగిలిన రెండూ తీరిపోవు. ఈ వ్యాసం ముఖ్యంగా భారత పౌరులకు, విదేశీయులకు మధ్య జరిగే వివాహాలకు సంబంధించినది.

పెళ్ళితో పేరు, పౌరసత్వం వాటంతట అవే మారిపోతాయన్న అభిప్రాయం చాలామందిలో ఉన్నది. భారత చట్టం ప్రకారం ఈ రెండూ పెళ్ళితో మారవు. పూర్వం కొన్ని దేశాలలో పరిస్థితి వేరుగా ఉండేది. 1907లో అమెరికా చేసిన చట్టం ప్రకారం విదేశీయుని పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్ని కోల్పోయేది. 1922లో ఈ నియమం సడలినా, అమెరికా పౌరసత్వానికి అనర్హులుగా పరిగణింపబడిన ఆసియా దేశస్థులను పెళ్ళాడిన స్త్రీలకు ఆ సడలింపు 1931 దాకా అందలేదు. ఆ అనర్హుల జాబితాలో భారతీయులు కూడా ఉన్నారు.

ఏ చట్టం క్రింద పెళ్ళి

1955 నాటి హిందూ వివాహ చట్టం ఇద్దరు హిందువుల మధ్య జరిగే వివాహానికి మాత్రమే వర్తిస్తుంది. ఈ చట్టంలో హిందువులు అన్న మాటకు బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా చెందుతారు. కనుక క్రైస్తవ మతానికి చెందిన విదేశీయునితో గుడిలో తాళి కట్టించుకుని, ఆ పెళ్ళిని హిందూ వివాహ చట్టం క్రింద నమోదు చేయించినా అది చెల్లదు. 2008లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చిన ఒక కేసులో ఈ విషయాన్నే స్పష్టం చేసింది. ఆ కేసులో ఇద్దరూ భారతీయులే. వరుడు క్రైస్తవుడు, వధువు హిందువు. గుడిలో పెళ్ళి జరిగింది, రిజిస్ట్రేషన్ కూడా అయింది. అయినా ఆ వివాహం మొదటి నుండి చెల్లనిదేనని తీర్పు వచ్చింది. చేతిలో ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన పెళ్ళి చెల్లుతుందని అనుకోరాదని దీనివలన తెలుస్తుంది. 2024లో మరొక కేసులో, హిందూ వివాహానికి కావలసిన తంతు జరగనప్పుడు కేవలం నమోదు పత్రం వలన వివాహం ఏర్పడదని కూడా సుప్రీంకోర్టు చెప్పింది.

వధూవరులు వేర్వేరు మతాలకు చెందినవారైనా, ఏ మతాన్నీ పాటించనివారైనా వర్తించేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. వాడుకలో "రిజిస్టర్ మ్యారేజి" అని పిలిచేది చాలావరకు దీనినే. ఇద్దరిలో ఎవరో ఒకరు క్రైస్తవులైతే 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం క్రింద కూడా పెళ్ళి చేసుకోవచ్చును.

ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం వరునికి 21, వధువుకు 18 సంవత్సరాలు నిండి ఉండాలి. ఇద్దరికీ జీవించి ఉన్న భార్య గాని భర్త గాని ఉండరాదు. ఇద్దరిలో కనీసం ఒకరు, నోటీసు ఇచ్చే తేదీకి ముందు వరుసగా 30 రోజులు ఆ జిల్లాలో నివసించి ఉండాలి. వివాహాధికారి ఆ నోటీసును తన కార్యాలయంలో అందరికీ కనబడే చోట అంటిస్తారు. మరొక 30 రోజులలోగా ఎవరైనా అభ్యంతరం తెలుపవచ్చును. అభ్యంతరం లేకుంటే ముగ్గురు సాక్షుల ఎదుట వధూవరులు ప్రకటనపై సంతకాలు చేసి పెళ్ళి చేసుకోవచ్చును. నోటీసు ఇచ్చిన మూడు నెలలలోగా పెళ్ళి జరగకపోతే మళ్ళీ కొత్త నోటీసు ఇవ్వవలసిందే.

రెండు వారాల సెలవు మీద వచ్చే విదేశీయునికి ఈ గడువులు పెద్ద అడ్డంకి. నివాస నిబంధన ఇద్దరిలో ఒకరికి ఉంటే చాలును కాబట్టి దానిని భారతీయ పౌరుని చిరునామాతో తీర్చుకోవచ్చును. నోటీసు తరువాతి 30 రోజులను మాత్రం తగ్గించే వీలు చట్టంలో లేదు. నోటీసును బహిరంగంగా అంటించడం వలన ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకునేవారికి ప్రమాదం ఏర్పడుతుందన్న విమర్శ చాలాకాలంగా ఉన్నది. 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు, వధూవరులు కోరితేనే నోటీసును ప్రకటించాలని తీర్పు ఇచ్చింది.

గుడిలోనో, మరే పద్ధతిలోనో ముందే పెళ్ళి చేసుకున్నవారికి ఇదే చట్టంలోని 15వ సెక్షను ఒక దారి చూపుతుంది. అంతగా ప్రచారంలో లేని సెక్షను ఇది. పెళ్ళి తంతు జరిగి, అప్పటినుండి భార్యాభర్తలుగా కలిసి జీవిస్తున్నవారు ఆ వివాహాన్ని ప్రత్యేక వివాహ చట్టం క్రింద నమోదు చేయించుకోవచ్చును. అయితే నమోదు నాటికి ఇద్దరికీ 21 సంవత్సరాలు నిండి ఉండాలి, జిల్లాలో 30 రోజుల నివాసం ఉండాలి. పైన చెప్పిన 2008 తీర్పు వంటి చిక్కు రాకుండా ఉండాలంటే భిన్న మతాల జంటలకు ఇది అనువైన మార్గం.

పెళ్ళి విదేశంలో జరిగితే 1969 నాటి విదేశీ వివాహ చట్టం వర్తించవచ్చును. ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేటులోని వివాహాధికారి ఎదుట పెళ్ళి చేసుకోవచ్చును. స్థానిక చట్టం ప్రకారం ముందే జరిగిన పెళ్ళిని నమోదు చేయించుకోవడానికి కూడా ఈ చట్టంలో అవకాశం కలదు. ఇద్దరు పురుషులు లేదా ఇద్దరు స్త్రీల మధ్య ఇతర దేశాలలో చెల్లుబాటయ్యే వివాహానికి భారతదేశంలో గుర్తింపు లేదు. ప్రత్యేక వివాహ చట్టాన్ని వారికి వర్తింపజేయడానికి 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు నిరాకరించింది.

ముందుగా సమకూర్చుకోవలసిన పత్రాలు

విదేశీయుడు తాను అవివాహితుడనని నిరూపించుకోవాలి. కొన్ని దేశాల ప్రభుత్వాలు, తమ పౌరుని వివాహానికి తమ చట్టంలో అడ్డంకి లేదని ధ్రువపత్రం ఇస్తాయి. అమెరికా కేంద్ర ప్రభుత్వం అటువంటి పత్రం ఇవ్వదు. ఆ దేశ పౌరులు తమ కాన్సులేటులో అధికారి ఎదుట ప్రమాణం చేసి అఫిడవిట్ సమర్పిస్తారు.

గతంలో పెళ్ళై విడిపోయినవారు విడాకుల డిక్రీ చూపించాలి. విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులన్నీ భారతదేశంలో చెల్లవు. దీనికి ఆధారమైన 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు కూడా తెలుగువారి కేసులోనే వచ్చింది. 1975లో తిరుపతిలో పెళ్ళి చేసుకున్న వ్యక్తి అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో విడాకులు పొంది మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ విడాకులు భారతదేశంలో చెల్లవని కోర్టు తేల్చింది. ఏ చట్టం క్రింద పెళ్ళి జరిగిందో ఆ చట్టం అంగీకరించే కారణం మీద విడాకులు ఇచ్చి ఉండాలి, రెండవ పక్షం ఆ కోర్టు విచారణకు నిజంగా అంగీకరించి పాల్గొని ఉండాలి అన్నది ఆ తీర్పు సారాంశం. ఇటువంటి డిక్రీని నమ్మి రెండవ పెళ్ళి చేసుకున్నవారి వివాహమే ప్రశ్నార్థకం అవుతుంది.

జనన ధ్రువపత్రం మరొక చిక్కు. పల్లెటూళ్ళలో ఇంటివద్ద పుట్టిన పాతతరం వారికి ఇది ఉండకపోవచ్చును. భారతదేశంలో పదవ తరగతి ధ్రువపత్రమే పుట్టినతేదీకి ఆధారంగా చెల్లిపోతూ వచ్చింది కాబట్టి దాని లోటు ఎవరికీ తెలియలేదు. అమెరికా వలస వీసాకు మాత్రం, జననం నమోదు కాలేదని స్థానిక అధికారి ఇచ్చిన పత్రాన్ని, దానితో పాటు ఆ జననం గురించి స్వయంగా తెలిసిన పెద్దల అఫిడవిట్లను జతపరచాలి. తల్లిదండ్రులు జీవించి ఉండగానే ఈ అఫిడవిట్లు తీసుకోవడం మంచిది.

అపోస్టిల్

ఒక దేశపు అధికారి సంతకం నిజమైనదో కాదో మరొక దేశపు అధికారికి తెలియదు. ఈ లోటును తీర్చడానికి 1961 అక్టోబరు 5న హేగ్ నగరంలో కుదిరిన ఒప్పందం ప్రకారం పత్రానికి జతచేసే ప్రామాణిక ముద్రను అపోస్టిల్ అంటారు. భారతదేశంలో ఇది 2005 జూలై 14 నుండి అమలులో ఉన్నది. వివాహ, జనన ధ్రువపత్రాలను ముందుగా రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించిన తరువాత విదేశాంగ మంత్రిత్వశాఖ అపోస్టిల్ వేస్తుంది. అపోస్టిల్ సంతకాన్ని, ముద్రను మాత్రమే ధ్రువపరుస్తుంది. పత్రంలోని పేరు తప్పుగా ఉంటే ఆ తప్పు అలాగే ఉంటుంది.

ఒప్పందంలో చేరని దేశాలకు ఆయా దేశాల రాయబార కార్యాలయపు ధ్రువీకరణ కావాలి. తెలుగువారు ఎక్కువగా వెళ్ళే గల్ఫ్ దేశాలలో ఒమన్, బహ్రెయిన్, సౌదీ అరేబియా ఇందులో చేరాయి. కెనడాలో 2024 జనవరి నుండి అమలులోకి వచ్చింది. భారత్ చేరికపై జర్మనీ అభ్యంతరం తెలిపినందున ఈ రెండు దేశాల మధ్య ఒప్పందం అమలులోకి రాలేదు.

పేరు మార్పు

భార్య భర్త ఇంటిపేరును స్వీకరించాలని భారతదేశంలో ఏ చట్టమూ చెప్పదు. తెలుగువారిలో అది ఆచారం మాత్రమే. ఇతర దేశాల పద్ధతులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఫ్రాన్సులో 1794 నాటి చట్టం ప్రకారం జనన పత్రంలోని పేరే అసలు పేరు. పెళ్ళి వలన భాగస్వామి ఇంటిపేరును వాడుకునే హక్కు మాత్రమే వస్తుంది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 1981 నుండి స్త్రీ తన పుట్టింటి పేరుతోనే కొనసాగుతుంది. జపానులో ఇద్దరు జపానీయులు పెళ్ళి చేసుకుంటే ఒకే ఇంటిపేరు ఉండి తీరాలి. విదేశీయునితో పెళ్ళికి ఈ నియమం లేదు. కావాలనుకున్న జపానీయులు ఆరు నెలలలోగా దరఖాస్తు చేసి విదేశీ భాగస్వామి ఇంటిపేరు తీసుకోవచ్చును. గడువు దాటితే కుటుంబ న్యాయస్థానం అనుమతి కావాలి. జర్మనీలో 2025 మే 1 నుండి దంపతులిద్దరూ జంట ఇంటిపేరు పెట్టుకోవడానికి వీలు కలిగింది. అమెరికాలో ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో పెళ్ళి లైసెన్సుకు దరఖాస్తు చేసేటప్పుడే కొత్త పేరు వ్రాయాలి. తరువాత మనసు మార్చుకుంటే కోర్టుకు వెళ్ళవలసి వస్తుంది.

తెలుగువారికి పెళ్ళికి ముందే మరొక సమస్య ఉన్నది. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత వస్తాయి. పాశ్చాత్య దేశాలలో చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటారు. దీనితో "వేమూరి వెంకట సుబ్బారావు" అనే వ్యక్తి ఒక కార్యాలయంలో వేమూరి వారు, మరొక కార్యాలయంలో "సుబ్బారావు" ఇంటిపేరు గలవారు అవుతారు. ఆయనను పెళ్ళాడిన విదేశీ వనిత భర్త ఇంటిపేరు తీసుకోదలిస్తే, ఆమె పేరుకు వేమూరి చేరాలా, సుబ్బారావు చేరాలా అన్నది ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏమి ఉన్నదో దాన్నిబట్టి తేలుతుంది. భర్తకు పెట్టిన పేరును ఇంటిపేరుగా మోస్తున్నవారు కొందరు ఉండటానికి కారణం ఇదే.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇంకా కష్టం. అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరునే ఇంటిపేరుగా వేసి, పెట్టిన పేరు స్థానంలో "తెలియదు" అన్న అర్థం వచ్చే ఎఫ్.ఎన్.యు. అక్షరాలు ముద్రిస్తారు. ఈ అక్షరాలే తరువాత డ్రైవింగ్ లైసెన్సులోకి, బ్యాంకు ఖాతాలోకి, చివరికి వివాహ ధ్రువపత్రంలోకి చేరతాయి. ఒకే పేరు గల పాస్‌పోర్టుతో సందర్శకులుగా వచ్చేవారిని అనుమతించరాదని ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో నిర్ణయించింది. పెళ్ళి నమోదుకు ముందే పాస్‌పోర్టులో పేరు సరిచేయించుకుంటే వివాహ పత్రంలో సరైన పేరు పడుతుంది. ఆ తరువాతైతే రెండింటినీ మార్చవలసి వస్తుంది.

భారతదేశంలో పెళ్ళి కారణంగా ఇంటిపేరు మార్చుకునేవారికి సాధారణంగా వివాహ ధ్రువపత్రం చాలును. పెట్టిన పేరునే మార్చుకోవాలంటే నోటరీ ఎదుట అఫిడవిట్, రెండు పత్రికలలో ప్రకటన, గెజిట్‌లో ప్రచురణ అన్న వరుస పాటించాలి. పాత, కొత్త పత్రాల మధ్య తేడా మిగిలిపోతే, ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని తెలిపే అఫిడవిట్‌ను తోడుగా ఉంచుకుంటారు.

పేరు మార్చుకోదలచినవారు ముందుగా వివాహ పత్రపు నకళ్ళు కొన్ని తీసుకుని, తరువాత పాస్‌పోర్టు, ఆ తరువాతే మిగిలిన పత్రాలు మార్చడం మేలు. విదేశీయుల విషయంలో చాలా కార్యాలయాలు పాస్‌పోర్టులోని పేరునే ప్రమాణంగా తీసుకుంటాయి. వలస వీసా దరఖాస్తు నడుమ ఉండగా పేరు మారిస్తే విచారణ ఆలస్యం కావచ్చును. విమాన టిక్కెట్టు కూడా పాస్‌పోర్టులోని పేరుతోనే ఉండాలి. పేరు మార్చుకోకుండా ఉండిపోవడం కూడా న్యాయసమ్మతమే. పత్రాల దృష్ట్యా అదే అన్నిటికన్నా సులువు.

పౌరసత్వం, సంతానం

భారత పౌరుని పెళ్ళాడిన విదేశీయులు, వివాహం నమోదై రెండు సంవత్సరాలు కొనసాగిన తరువాత ఓ.సి.ఐ. కార్డుకు దరఖాస్తు చేయవచ్చును. వివాహం రద్దయితే ఆ కార్డును రద్దుచేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులకు ఈ సౌకర్యం లేదు. పౌరసత్వం కోరేవారు ఏడు సంవత్సరాలు భారతదేశంలో నివసించి ఉండాలి. భారత పౌరులు స్వచ్ఛందంగా మరొక దేశపు పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది.

తల్లిదండ్రులలో ఒకరు భారత పౌరులై ఉండి, బిడ్డ విదేశంలో పుడితే, భారత పౌరసత్వం కావాలంటే పుట్టిన సంవత్సరంలోగా భారత కాన్సులేటులో జననాన్ని నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. బిడ్డకు మరొక దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు ప్రకటించవలసి ఉంటుంది. ఆ బిడ్డ జనన పత్రంలో తల్లిదండ్రుల పేర్లు వారి పాస్‌పోర్టులలో ఉన్న వర్ణక్రమంతోనే ఉన్నాయో లేదో ఆసుపత్రి ఫారం నింపే రోజే సరిచూసుకోవాలి.