ధర పెరిగిననాటి విస్తరి



అన్నదానము మహత్తరమని మేము మీకు చెప్పనక్కరలేదు. ఆ మాట ఈ మంటపమున మీరు ఎన్నో పర్యాయములు విన్నారు. నేడు మేము విచారింపదలచినది దాని తరువాతి ప్రశ్న. ధరలు పెరిగినప్పుడు అన్నసత్రము ఎట్లు నిలుచును? ధరలు పెరిగిన సంవత్సరమున పంక్తిలో కూర్చుండువారు పెరుగుదురు. సరిగా ఆ సంవత్సరముననే ఇచ్చువారు తగ్గుదురు. బియ్యము, పప్పు, నూనె సత్రమునకు ఎంత ప్రియమో దాత ఇంటికిని అంతే ప్రియము. నిన్నటి దాత నేడు చేయి ముడుచుకొన్నాడన్నచో అది లోభము కాకపోవచ్చును. అతని ఇంటి బియ్యపు డబ్బాకు అడుగు కనిపించియుండవచ్చును. కనుక దాతను నిందించుట మాని, పూర్వులు ఈ చిక్కును ఎట్లు దాటినారో తెలిసికొనుట మేలు.

మొదట మా అనుభవము ఒకటి మనవి చేయుదుము. మేము బాల్యమున వారములు చేసికొని వేదము చదువుకొన్నవారము. వారమనగా నేటి పిల్లలకు తెలియకపోవచ్చును. విద్యార్థికి ఒక్కొక్క దినము ఒక్కొక్క గృహస్థు ఇంట భోజనము. ఏడు దినములకు ఏడిండ్లు. 1965లో వానలు తప్పినవి, యుద్ధము వచ్చినది, ధాన్యము ప్రియమైనది. నాటి ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు వారమునకు ఒక పూట, సోమవారము రాత్రి, భోజనము మానుడని దేశప్రజలను కోరినారు. మాకు సోమవారము అన్నము పెట్టు తల్లి ఇంట ఆ రాత్రి పొయ్యి వెలుగలేదు. మేము గుమ్మము వద్ద నిలిచి వెనుదిరుగబోగా ఆ తల్లి పిలిచి, "నాయనా! శాస్త్రిగారు చెప్పిన పస్తు పెద్దవాళ్ళకు, పసివాళ్ళకు కాదు. కాళ్ళు కడుక్కొని రా" అని, పగలు తన కంచములో తగ్గించి దాచిన అన్నమును మజ్జిగతో పెట్టినది. ఆ యేడు మా ఏడిండ్లలో రెండిండ్లవారు వారము మానుకొన్నారు. వారిని మేము ఏనాడును తప్పు పట్టలేదు. ఆ రెండు దినముల కొరకు మా గురువుగారు వీధిలోని ఇండ్లకు తలకొక చిన్న కుండ ఇచ్చి, ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు అందులో వేయుడని చెప్పినారు. ఆ పిడికిళ్ళతో మా చదువు ఆగలేదు.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నమును గూర్చి కొన్ని వ్రతములను విధించినది. ఆశ్రయము కోరి ఇంటికి వచ్చినవానిని కాదనరాదనునది అందొకటి. ఆ వెంటనే శ్రుతి మరియొక మాట చెప్పుచున్నది: అందుచేత ఏదో ఒక విధమున అన్నమును సమృద్ధిగా సంపాదించుకొనవలెనని. చాలమంది మొదటి మాటను మాత్రమే గుర్తుంచుకొందురు. రెండవది లేనిదే మొదటిది నిలువదు. పెట్టుట వ్రతమైనచో, పెట్టుటకు వలసినది ముందుగా సమకూర్చుకొనుటయు వ్రతమే. అన్నసత్రముల చరిత్ర అంతయు ఈ రెండవ వ్రతము యొక్క చరిత్రయే.

తిరుమల శాసనములను చూడుడు. దేవస్థానమువారు వానిని 1930 దశకములో సంపుటములుగా ప్రకటించినారు. 15, 16 శతాబ్దులలో, విజయనగర ప్రభువుల కాలమున, రాజులు, మంత్రులు, వర్తకులు, ఆచార్యపురుషులు శ్రీవారి నైవేద్యమునకై ధనము సమర్పించినారు. ఆ ధనమును ఏమి చేసినారు? పెట్టెలో పెట్టి తాళము వేయలేదు. దేవుని గ్రామములలో చెరువులు త్రవ్వించి, కాలువలు తీయించినారు. మెట్ట మాగాణి అయినది. అధికముగా పండిన ఫలసాయముతో దాత పేరున నిత్యము నైవేద్యము జరిగినది. దాత ఇచ్చినది నాణెము. సత్రమునకు చేరినది నీరు, నీటి నుండి వడ్లు. నాణెము విలువ కాలముతో పడిపోవచ్చును గాని, పండిన పుట్టి ఎన్నడును పుట్టియే. బియ్యము ప్రియమైననాడు అట్టి సత్రమునకు అంగడికి పోవలసిన పని లేదు.

ఆ శాసనములలో మరియొక ఏర్పాటు కనిపించును. నివేదించిన ప్రసాదములో నాలుగవ వంతు దాత భాగము. అనేకులు ఆ భాగమును తమ ఇంటికి కొనిపోక యాత్రికులకు వదలినారు. సాళువ నరసింహరాయలు తిరుమలలోను తిరుపతిలోను రామానుజకూటములను ఏర్పరచి, కందాడై రామానుజయ్యంగార్ల పర్యవేక్షణలో ఉంచినారు. అచట యాత్రికులకు ఆ ప్రసాదమే భోజనము. ఈ విధముగా ఒకే దానము పొలమునకు నీరై, స్వామికి నైవేద్యమై, బాటసారికి అన్నమై మూడు పనులు చేసినది.

నీటికిని విస్తరికిని గల ఈ సంబంధము గోదావరి తీరమున మరింత స్పష్టముగా తెలియును. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టినది. గోదావరి మండలము కూడ ఆ దశాబ్దిలో తుపానులతోను అనావృష్టితోను చితికిపోయినది. నది నిండుగా పారుచుండగనే ఒడ్డున జనము ఆకలితో మరణించినారు. 1847లో ఆర్థర్ కాటన్ దొరగారు ధవళేశ్వరము ఆనకట్ట పని ఆరంభించి 1852 నాటికి పూర్తిచేయించినారు. కోనసీమ వరి పైరుతో నిండినది. అటువంటి కోనసీమలో, లంకల గన్నవరమున, డొక్కా సీతమ్మగారు (1841-1909) నిరతాన్నదానము చేసినారు. భర్త జోగన్నగారు వ్యవసాయ సంపన్నులు. గోదావరి పాయలు దాటి వచ్చు బాటసారికి ఏ వేళనైనను ఆ ఇంట విస్తరి పడెడిది. కులము ఏదని అడిగిన జాడ లేదు. ఆమె పెట్టిన అన్నము ఆమె పొలము నుండి వచ్చినదే. నేడు గన్నవరము వద్ద వైనతేయ గోదావరిపై కాలువ నీటిని దాటించు నూతన అక్విడక్టునకు ఆమె పేరు పెట్టుట యెంతయు సముచితము. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకును ఆమె పేరే ఉంచినది.

దీనికి ఎదురైన దృష్టాంతము కూడ చెప్పవలెను. 1876లో ధాత కరువు వచ్చినది. కర్నూలు, బళ్ళారి, కడప, నెల్లూరు మండలములు అల్లాడిపోయినవి. నాటి తెల్లదొరల ప్రభుత్వము ఖర్చు పెరుగుచున్నదని భయపడి సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారిని పంపినది. ఆయన 1877 జనవరిలో, కరువు పనులలో రాళ్ళు మోయు మగవానికి దినమునకు ఒక్క పౌను ధాన్యము, ఒక అణా చాలునని శాసించినాడు. అంతకు పూర్వము పౌనున్నర ధాన్యము ఇచ్చెడివారు. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గారు ఆ కొలతతో మనిషి బ్రతుకడని వాదించినారు. కొన్ని మాసములకే కొలతను పెంచక తప్పలేదు. కాని ఆలోగా పోయిన ప్రాణములు తిరిగి రాలేదు. గోదావరి, కృష్ణా డెల్టాలు కాలువ నీటి బలమున ఆ కరువును తట్టుకొన్నవి. లెక్క చూచుకొనుట తప్పు కాదు. మొదట ఖజానాను చూచి పిదప కడుపును చూచుటయే తప్పు.

ఇక మన కాలము. తిరుమలలో 1985 ఏప్రిల్ 6న నిత్యాన్నదానము ఆరంభమైనది. మొదట దినమునకు రెండు వేలమందికి పెట్టెడివారు. నేడు అది ఎన్నో రెట్లు పెరిగినది. భక్తుల విరాళములను బ్యాంకులలో నిలువ ఉంచి, దానిపై వచ్చు వడ్డీతో అన్నప్రసాదము నడుపుట అచటి పద్ధతి. దేశమందలి చిన్న ఆలయములు అనేకము ఈ పద్ధతినే అనుసరించినవి. పద్ధతి మంచిదే; మూలధనము చెడదు. కాని ధరలు పెరిగినప్పుడు చిన్న సత్రమునకు ఇందులో ఒక గండము కలదు. ఒక భక్తుడు 1990 ప్రాంతమున శాశ్వత నిధికి 1,116 రూపాయలు ఇచ్చినాడనుకొందము. నూటికి 10 వంతున ఏటా 111 రూపాయల 60 పైసలు వచ్చెడివి. వడ్డీ నూటికి 6కు దిగినచో వచ్చునది సుమారు 67 రూపాయలు. ఒక వైపు వడ్డీ తగ్గినది, మరియొక వైపు బియ్యము ధర ఎన్నో రెట్లయినది. దాత పేరు గోడపై శాశ్వతముగా ఉన్నది గాని అతని పేర పడు విస్తళ్ళు ఏటేట తరిగిపోవుచున్నవి. తిరుమల శాసనములలోని పెద్దలు నాణెమును నీటిగా మార్చినారు. మనము దానిని కాగితముగా ఉంచినాము.

కాబట్టి ధరలకు లొంగని దానము ఏది? మా గురువుగారి కుండయే. కంచి పరమాచార్యులవారు ఇంటింట పిడికెడు బియ్యము తీసి ఉంచుడని భక్తులకు ఉపదేశించినారు. జిల్లెళ్ళమూడి అమ్మ గృహిణిగా ఉన్న దినములలోనే ఊరివారిచేత పిడికెడు బియ్యము కూర్పించి, కరువు కాలమునకు నిలువ చేయించినారని ఆమె చరిత్ర చెప్పును. పిదప 1958 ఆగస్టు 15న అచట అన్నపూర్ణాలయము వెలసినది. రూపాయి చిక్కిపోవును, పిడికెడు చిక్కదు. బియ్యము ఎంత ప్రియమైనను ఇంటిలో ఎసరు పెట్టక తప్పదు. ఎసరు ఉన్నచోట పిడికెడు ఉండును. నూరిండ్లలో పది ఇండ్లు మానుకొన్నను తొంబది కుండలు నిండును. ఒక్క పెద్ద దాతపై ఆధారపడిన సత్రము ఆ దాత నష్టపోయిననాడే మూతపడును.

మహాభారతములో, అశ్వమేధ పర్వమున, బంగారు ముంగిస కథ మీరెరిగినదే. కరువు నాడు ఉంఛవృత్తి బ్రాహ్మణుని ఇంట నలుగురు తమ వంతు పేలపిండిని అతిథికి ఇచ్చినారు. ఆ పిండి రేణువులు తగిలి ముంగిస శరీరము సగము బంగారమైనది. ధర్మరాజు యజ్ఞశాలలో ఎంత పొర్లినను మిగిలిన సగము కాలేదు. ఆ కథను మేము ఇంతకాలము త్యాగమును గూర్చి చెప్పుచు వచ్చినాము. ఇప్పుడు మరియొకటి తోచుచున్నది. ఒక్కరి వంతుతో ఆ అతిథి ఆకలి తీరలేదు. నలుగురి వంతులు కలిసిన పిమ్మటనే తీరినది.

ఈ సంవత్సరము కొందరు భక్తులు మా వద్దకు వచ్చి, "ఏటా నాన్నగారి ఆబ్దికము నాడు ఒక దినము అన్నదానము మేమే చేయించెడివాళ్ళము. ఈసారి శక్తి చాలదు, గురువుగారూ!" అని తల వంచుకొన్నారు. తల వంచుకొనవలసిన పని లేదు. ఒక దినమును ఒకరు మోయలేకున్నచో ఐదు ఇండ్లవారు కలిసి మోయుడు. ఐదుగురి పితరులును తృప్తి చెందుదురు. పంట వచ్చినప్పుడు రైతులు రొక్కమునకు బదులు వడ్లే ఇండు. ఆలయ భూమి ఉన్నచోట ధర్మకర్తలు దానిని బీడు పెట్టక సాగు చేయింపవలెను. చాలనిచో రెండు కూరలు ఒకటి కావచ్చును, పాయసము మానవచ్చును. విస్తళ్ళ సంఖ్య మాత్రము తగ్గరాదు. పంక్తి చివర నిలిచినవానిని రేపు రమ్మనరాదు.

మాకు సోమవారము అన్నము పెట్టిన తల్లి ఏ శాసనమునను లేదు, ఏ గోడపైనను ఆమె పేరు చెక్కలేదు. ఆ రాత్రి తాను పస్తుండి మాకు పెట్టినది. అరువది ఏండ్లు గడచినవి. నేటికిని మేము పరిషేచనము చేయునప్పుడు ఆ మజ్జిగ అన్నము గుర్తునకు వచ్చును. ధరలు మరల పెరుగును, మరల తగ్గును. మీ ఇంటి ఎసటి ప్రక్కన ఒక చిన్న కుండ మాత్రము ఎప్పుడును ఉండునుగాక.

స్వస్తి.