పెనుకొండలో ‘పెను’

ధర్మవరంలో బెంగళూరు రైలెక్కితే పెనుకొండ, ఆ తర్వాత హిందూపురం వస్తాయి. ధర్మవరానికి క్రియాశక్తి ఒడయరు తల్లి ధర్మాంబ పేరు పెట్టారని చెబుతారు. హిందూపురాన్ని గుత్తి నేలిన మురారిరావు తన తండ్రి హిందూరావు పేరున కట్టించాడంటారు. ఒక ఊరికి తల్లి పేరు, ఇంకొక ఊరికి తండ్రి పేరు దక్కాయి. నడుమనున్న పెనుకొండకు మాత్రం మనిషి పేరేదీ లేదు. ఉన్నదల్లా ఒక కొండ, దాని ముందు ఒక విశేషణం. ఆ విశేషణాన్ని ‘పెద్ద’ అని అర్థం చెప్పి వదిలేయడం మన అలవాటు. పెను వేరు, పెద్ద వేరు. ఆ తేడా పట్టుకుంటేనే ఈ ఊరి చరిత్రలో ఒక ముఖ్యమైన మలుపు తెలుస్తుంది.

‘పెద్ద కొండ’ అనవచ్చు, ‘కొండ పెద్దది’ అనీ అనవచ్చు. ‘కొండ పెనుది’ అని ఎవరూ అనరు. పెను ఎప్పుడూ నామవాచకానికి ముందే నిలుస్తుంది. అదీ అన్ని మాటల ముందూ నిలవదు: పెనుగాలి, పెనుముప్పు, పెనుభూతం అంటాం గానీ పెను ఇల్లు అనం. మనిషి అదుపులో లేని పరిమాణమే పెను. స్పానిష్‌లో ‘గ్రాందే’ అనే సాధారణ విశేషణం కూడా స్థానాన్ని బట్టి అర్థం మారుస్తుంది. నామవాచకం తర్వాత వస్తే ఆకారంలో పెద్ద అని అర్థం. ముందుకొస్తే ‘గ్రాన్’గా కురచై గొప్ప అనే అర్థమిస్తుంది. మన భాషలో ఆ గౌరవం పెద్దకు దక్కింది. పెద్దమనిషి అనే మాటే అందుకు సాక్ష్యం. పెనుకు దక్కింది భయం. కోట కట్టడానికి కొండను వెతుక్కునేవాడికి కావలసిందీ ఆ భయమే.

అసలు పేరు ఘనగిరి అనీ, పెనుకొండ దానికి తెలుగు అనువాదమనీ కొందరు వాదిస్తారు. అరవీటి రాజుల సంస్కృత శాసనాల్లో ఘనగిరి కనిపిస్తుంది, నిజమే. అయితే విజయనగర కాలపు కన్నడ శాసనాలు ఈ ఊరిని పెనుగొండె అంటాయి. కన్నడంలో పాలు హాలుగా, పులి హులిగా మారాయి. కొండను కన్నడిగులు బెట్ట అంటారు. అయినా ఆ శాసనాల లేఖకులు ‘ప’ను ‘హ’ చేయలేదు, కొండను బెట్ట చేయలేదు. అనువదించి పెట్టిన పేరైతే తమ భాషలోకి మార్చుకోవడానికి అడ్డేముంది? జనం నోట స్థిరపడిన తెలుగు పేరు కాబట్టే ఉన్నదున్నట్టు రాసుకున్నారు. ఓరుగల్లు ఏకశిలానగరం అయినట్టే పెనుకొండ ఘనగిరి అయింది.

ఘనగిరి పండితుల అలంకారమే కదా, దాన్ని చరిత్రగా ఎలా తీసుకుంటామని ఇంకొక అభ్యంతరం. కాలం చూస్తే జవాబు దొరుకుతుంది. 1354 నాటి శాసనం విజయనగర రాజు బుక్కరాయలు ఈ సీమను కొడుకు వీర విరూపణ్ణకు అప్పగించిన సంగతి చెబుతుంది. అప్పటికిది కాపుదల కోట. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరం పాడుపడితే, అరవీటి తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే తెచ్చాడు. రామరాజభూషణుడి వసుచరిత్ర అంకితం పుచ్చుకున్నదీ ఆయనే. ఓడి వచ్చిన రాజ్యానికి కోటగోడ ఎంత అవసరమో, పరువూ అంతే అవసరం. సంస్కృతంలో ఘన అంటే దట్టమైనది, గట్టిది. తెలుగువాడి చెవికి అదే ఘనత, ఘనకీర్తి. భయపెట్టే కొండను గౌరవించదగిన కొండగా చూపడానికి ఇంతకన్నా తగిన మాట దొరకదు. ఈ పేరు మార్పులో అనువాదం కొంతే, రాజనీతే ఎక్కువ.

1592 ప్రాంతంలో వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చాడు. రాజు వెళ్లడంతో ఘనగిరి అనే పేరు వాడుకా తగ్గింది. పెనుగాలి, పెనుముప్పు ఇంకా జనం నోట ఉన్నాయి గనుక పెనుకొండ నిలిచింది. కోట గురించి రాసేవారు, పిల్లలకు చెప్పేవారు ఇకనైనా తెలుగు పేరును మూలంగా, ఘనగిరిని దాని తర్వాతి బిరుదుగా చెప్పాలి.