తూము దగ్గర కాపలా

2019 ఆగస్టు 27, మంగళవారం. మాంచెస్టర్‌కు ఉత్తరాన మేముండే బరీ పట్నంలో, మా వీధి చివరింటి పెద్దాయన చీపురు, బకెట్టు పట్టుకుని బయల్దేరాడు. ఎక్కడికని అడిగితే, "గిగ్ లేన్‌కి. స్టేడియం శుభ్రం చేయాలట. శనివారం మ్యాచ్ ఉండొచ్చు" అన్నాడు. గిగ్ లేన్ అంటే బరీ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం. అప్పుల్లో కూరుకుపోయిన క్లబ్బును కొనడానికి ఒక సంస్థ ముందుకొచ్చిందని విని, అభిమానులు ఎవరింటి చీపుర్లు వాళ్లే తెచ్చుకుని కుర్చీలు తుడిచారు, మెట్లు కడిగారు. మధ్యాహ్నానికి ఆ సంస్థ వెనక్కి తగ్గింది. ఆ రాత్రే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగు బరీని వెలివేసింది. 1894 నుంచి, అంటే 125 ఏళ్లుగా లీగులో ఉన్న క్లబ్బు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) కప్పు రెండుసార్లు గెలిచిన క్లబ్బు.

1903 ఫైనల్లో బరీ 6-0తో డర్బీ కౌంటీని ఓడించింది. ఆ కప్పు ఫైనల్లో అంత తేడాతో గెలిచినవాళ్లు 116 ఏళ్లపాటు మరొకరు లేరు. 2019 మే నెలలో మాంచెస్టర్ సిటీ అదే 6-0తో వాట్‌ఫర్డ్‌ను ఓడించి ఆ రికార్డును సమం చేసింది. సిటీ స్టేడియం ఎతిహాద్‌కూ గిగ్ లేన్‌కూ మధ్య దూరం పది మైళ్లు కూడా ఉండదు. రికార్డు సమమైన మూడు నెలలకు ఒక క్లబ్బు లీగులోనే లేకుండా పోయింది. రెండోది ప్రపంచంలోకెల్లా ధనవంతమైన క్లబ్బుల్లో ఒకటి. ఈ దేశంలో ఫుట్‌బాల్‌కూ డబ్బుకూ ఉన్న సంబంధం నాకు ఆ ఏడాదే అర్థమైంది. మన పాఠకులకు దాన్నే చెప్పాలని ఈ ప్రయత్నం.

మాది ఓరుగల్లు పక్క పల్లెటూరు. చెరువు కింద బతికిన ఊరు. తూము ఎత్తడానికి, దించడానికి నీరటి ఉండేవాడు. ఆయకట్టులో చివరి మడికి నీళ్లందాయా లేదా అన్నదే అతని పనికి పరీక్ష. తూము పక్కన పొలమున్న ఆసామి మోటారు పెట్టి తోడుకుంటుంటే చూడనట్టు ఊరుకుని, చివరి మడి రైతు గండి కొట్టాడని పంచాయితీ పెడితే, ఆ ఊళ్లో కట్టుబాటు ఉన్నట్టా, లేనట్టా? ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ను నేను ఈ ప్రశ్నతోనే చూస్తాను.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. మనకు తెలిసిన ఐపీఎల్‌లో అందరికీ ఒకే పర్సు. 2025 సీజన్ మెగా వేలంలో ఒక్కో జట్టుకు 120 కోట్ల రూపాయలు. సన్‌రైజర్స్ అయినా ముంబై అయినా అంతకు మించి పెట్టడానికి వీల్లేదు. ఓడినా జట్టు ఎక్కడికీ పోదు, మళ్లీ ఏడాది అదే లీగు. ఇక్కడ లీగులు మెట్లు మెట్లుగా ఉంటాయి. ప్రీమియర్ లీగులో చివరి మూడు జట్లు కింది మెట్టుకు దిగిపోతాయి, కింది నుంచి మూడు పైకొస్తాయి. దిగితే టీవీ డబ్బు పోతుంది. ఆ భయంతో, పైకెక్కాలన్న ఆశతో, తాహతుకు మించి ఆటగాళ్లను కొంటారు. పోర్ట్స్‌మత్ 2008లో ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. 2010లో దివాలా తీసి, 2013 నాటికి నాలుగో మెట్టుకు పడిపోయింది. చివరికి దాన్ని చేరదీసింది అభిమానులే.

డబ్బుతో ఈ పెనుగులాట ఇప్పటిది కాదు. 1884లో, ఆటగాళ్లకు డబ్బిస్తోందన్న ఫిర్యాదు మీద ప్రెస్టన్ జట్టును ఎఫ్‌ఏ కప్పు పోటీ నుంచి తీసేశారు. ప్రెస్టన్ పెద్దలు అవునని ఒప్పుకున్నారు. మిల్లులో పని మానుకుని ఆడేవాడికి కూలి ఇవ్వకపోతే ఎలాగన్నది ప్రెస్టన్ ఉన్న లాంకషైర్ ప్రాంతపు వాదన. మరుసటి ఏడాదే జీతం చట్టబద్ధమైంది. బరీ క్లబ్బు పుట్టిందీ ఆ 1885లోనే. 1888లో 12 క్లబ్బులతో లీగు మొదలైంది. ఆనాటి పెద్దలు క్లబ్బును వ్యాపారంగా చూడనివ్వలేదు. వాటాదారులకు పంచే లాభానికి హద్దు పెట్టారు, డైరెక్టర్లు జీతం తీసుకోకూడదన్నారు. తర్వాతి కాలంలో గేటు డబ్బులో వాటా అతిథి జట్టుకూ అందేది. మడికి మడికీ నీరు పారే ఏర్పాటన్నమాట.

అయితే ఆ పెద్దలే ఒక పెద్ద తప్పూ చేశారు. 1901లో ఆటగాడికి వారానికి 4 పౌండ్లకు మించి ఇవ్వకూడదని నియమం పెట్టారు. ధనిక క్లబ్బులు మంచి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోకుండా ఆపాలన్నది ఉద్దేశం. భారం పడ్డది మాత్రం యజమాని మీద కాదు, చెమటోడ్చే ఆటగాడి మీద. అందుకే దొంగచాటు చెల్లింపులు మొదలయ్యాయి. 1906లో ఎఫ్‌ఏ మాంచెస్టర్ సిటీ పద్దుపుస్తకాలు తిరగేసి, హద్దు దాటి జీతాలిచ్చారని తేల్చింది. 17 మంది ఆటగాళ్లను 1907 జనవరి దాకా ఆడనివ్వలేదు. మళ్లీ సిటీకి ఆడకూడదన్నారు. వాళ్లలో మేటి అయిన బిల్లీ మెరెడిత్ మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాడు. 1908లో యునైటెడ్ మొదటిసారి లీగు గెలిచింది. మెరెడిత్ వంటివాళ్లు పూనుకుని 1907లో మాంచెస్టర్‌లోనే ఆటగాళ్ల సంఘం పెట్టారు. ఆ జీతాల హద్దు పోవడానికి 1961 దాకా పట్టింది. అప్పటికది వారానికి 20 పౌండ్లు. హద్దు పోగానే ఫుల్‌హామ్ క్లబ్బు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చింది.

హద్దు ఎత్తేయడం న్యాయమే. అయితే దాంతోపాటు మిగతా కట్లూ ఒక్కొక్కటే తెగాయి. 1983లో గేటు డబ్బు పంచుకోవడం ఆగిపోయింది. అదే ఏడాది టాటెన్‌హామ్ క్లబ్బు తన పైన ఒక మాతృసంస్థను నిలబెట్టి, లాభాల హద్దును దాటుకుని స్టాక్ ఎక్స్ఛేంజికి వెళ్లింది. 1992లో పై మెట్టు క్లబ్బులు విడిపోయి, టీవీ ఒప్పందం సొంతంగా చేసుకుని, ప్రీమియర్ లీగు పెట్టుకున్నాయి. 1995లో బ్లాక్‌బర్న్ రోవర్స్ ఛాంపియన్ అయింది. ఆ ఊరి ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ తన సొమ్ము కుమ్మరించి గెలిపించాడు. ఆ క్లబ్బునే 2010లో మన తెలుగువారైన డాక్టర్ బి.వి. రావు స్థాపించిన వెంకీస్ సంస్థ కొన్నది. 2003లో చెల్సీ రష్యా కుబేరుడి చేతికి వెళ్లింది. 2008 సెప్టెంబరు 1న మాంచెస్టర్ సిటీని అబుదాబి రాజకుటుంబీకుడు షేక్ మన్సూర్ తీసుకున్నట్టు ప్రకటించారు. ఆ రోజే ఆటగాడు రొబిన్యో కోసం 3.25 కోట్ల పౌండ్లు పెట్టారు. నేను ఈ దేశంలో దిగిన ఏడాది అది. మా ఆఫీసులో సిటీ అభిమానుల కళ్లు ఎలా వెలిగిపోయాయో నాకు ఇంకా గుర్తే.

ఇక నియమాలు. యూరప్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ 2010లో, క్లబ్బు తాను సంపాదించినదాన్ని మించి ఖర్చు పెట్టకూడదన్న సూత్రాన్ని ఆమోదించింది. ప్రీమియర్ లీగు తన పద్ధతిలో, మూడేళ్లు కలిపి 10.5 కోట్ల పౌండ్ల దాకా నష్టం ఉండొచ్చంది. మైదానం కట్టడానికి, పిల్లల శిక్షణకు, మహిళల జట్టుకు పెట్టిన ఖర్చు ఆ లెక్కలోకి వచ్చేది కాదు. నేను లెక్కలు చూసే ఉద్యోగిని కాబట్టి ఇందులోని కిటుకులు చూస్తూనే ఉంటాను. ఆటగాడి కొనుగోలు ధర పద్దులో ఒకేసారి పడదు, ఒప్పందం ఎన్నేళ్లుంటే అన్నేళ్లకు విడదీసి రాస్తారు. చెల్సీ ఎనిమిదేళ్ల ఒప్పందాలు రాసి ఏడాది పద్దును తేలిక చేసుకుంది. యూఈఎఫ్‌ఏ దాన్ని అయిదేళ్లకు కుదించింది. అదే చెల్సీ స్టేడియం ఆవరణలోని రెండు హోటళ్లను తన సోదర సంస్థకే 7.65 కోట్ల పౌండ్లకు అమ్మి ఆదాయంగా చూపింది. ఇవన్నీ అప్పటి ప్రీమియర్ లీగు రూల్స్ లోపలి పనులే. అయినా ఎడమ జేబులోది కుడి జేబులో వేసుకుని సంపాదించానంటే, ఆ నియమం ఎందుకు పుట్టిందో ఆ ఉద్దేశమే చచ్చిపోతుంది.

సిటీ సంగతి ఇంకా పెద్దది. యజమాని సొమ్మునే స్పాన్సర్ డబ్బుగా చూపారన్న ఆరోపణ మీద 2020 ఫిబ్రవరిలో యూఈఎఫ్‌ఏ రెండేళ్ల నిషేధం, 3 కోట్ల యూరోల జరిమానా వేసింది. జులైలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం నిషేధాన్ని కొట్టేసింది. ఆరోపణల్లో కొన్ని రుజువు కాలేదంది, కొన్నింటికి కాలం చెల్లిందంది. విచారణకు సహకరించనందుకు మాత్రం కోటి యూరోల జరిమానా ఉంచింది. 2023 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగు వందకు పైగా అభియోగాలు పెట్టింది. వాటిలో కొన్ని 2009 నాటివి. సిటీ అన్నింటినీ కాదంటోంది. తీర్పు చెప్పడం నా పని కాదు. కాలాన్ని మాత్రం చూడండి. సిటీ మీద విచారణ 2024 సెప్టెంబరులో గానీ మొదలు కాలేదు. ఎవర్టన్ మీద 2023 మార్చిలో అభియోగం పెట్టి, నవంబరుకల్లా 10 పాయింట్లు కోసేశారు. నష్టం 12.45 కోట్ల పౌండ్లు, అంటే హద్దు కంటే 1.95 కోట్లు ఎక్కువ. అప్పీలులో ఆ 10 కాస్తా 6 అయింది. తర్వాతి ఏడాది లెక్కలకు మరో 2 పోయాయి. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4 కోశారు. ఎవర్టన్ హద్దు దాటామని ఒప్పుకుంది, కాబట్టి త్వరగా తేలింది. సిటీ ప్రతి మాటా కాదంటూ పేరుమోసిన లాయర్లను దింపింది, కాబట్టి ఆలస్యమైంది. కారణం న్యాయంగానే కనిపిస్తుంది. ఫలితం మాత్రం ఒకటే: తప్పు ఒప్పుకున్నవాడికి వెంటనే శిక్ష, పోరాడే స్తోమత ఉన్నవాడికి గడువు. ఆ గడువులో సిటీ వరుసగా నాలుగు లీగు టైటిళ్లు పూర్తి చేసుకుంది. తీర్పు ఎటు వచ్చినా, ఆ సీజన్లలో రెండో స్థానంలో మిగిలిన జట్లకు ఆ రోజులు తిరిగి రావు. క్లబ్బు నిర్దోషే అయితే, ఇన్నేళ్లు మచ్చ మోసిన దాని అభిమానికీ అన్యాయమే.

సిటీ అభిమానులు నాతో ఒక మాట అంటారు: "ఈ నియమాలు పాత ధనికులను కాపాడేవి. యునైటెడ్‌కు, లివర్‌పూల్‌కు ఆదాయం ముందే ఉంది. మేం పైకి రావాలంటే ఎవరో డబ్బు పెట్టాల్సిందే కదా?" ఆ మాటలో నిజం ఉంది. తూర్పు మాంచెస్టర్‌లో పాడుపడ్డ నేలల మీద అబుదాబి డబ్బుతో మైదానాలు, శిక్షణ కేంద్రం లేచాయి. నేను కళ్లారా చూశాను. కానీ పాత ధనికుణ్ణి అదుపు చేయాలంటే గేటు డబ్బు, టీవీ డబ్బు పంచుకునే పాత కట్టుబాటును తిరిగి తేవాలి. ఇంకా పెద్ద మోటారు ఉన్నవాణ్ణి తూము దగ్గరికి పిలిస్తే చివరి మడి మరింత ఎండుతుంది. పైన ఒకరు జీతాలు పెంచితే, ఆ వేడి మెట్టు మెట్టుకూ దిగి బరీ దాకా వస్తుంది.

బరీకి జరిగింది అదే. తానున్న మెట్టుకు మించిన జీతాలు, అప్పులు. 2018 డిసెంబరులో కొత్త యజమాని క్లబ్బును ఒక్క పౌండుకు కొన్నాడు. నడిపే డబ్బు ఉందన్న రుజువులు లీగు చేతికి రాకముందే అమ్మకం అయిపోయింది. జీతాలు సరిగా అందకుండానే ఆటగాళ్లు 2019 వసంతంలో జట్టును పై మెట్టుకు చేర్చారు. ఎక్కిన ఆ మెట్టు మీద ఒక్క మ్యాచైనా ఆడలేదు.

2021 ఏప్రిల్‌లో ఆరు పెద్ద ఇంగ్లిష్ క్లబ్బులు యూరప్‌లోని పెద్ద క్లబ్బులు విడిగా పెట్టాలనుకున్న సూపర్ లీగులో చేరతామన్నప్పుడు అభిమానులు వీధుల్లోకి వచ్చారు. రెండు రోజుల్లోనే ఆరూ వెనక్కి తగ్గాయి. ఆ ఏడాదే మాజీ క్రీడా మంత్రి ట్రేసీ క్రౌచ్ నివేదిక స్వతంత్ర నియంత్రణ సంస్థ కావాలంది. 2025 జులైలో అది చట్టమైంది. పై అయిదు మెట్ల క్లబ్బులకు ఇక లైసెన్సు ఉండాలి, యజమానిని ముందే పరీక్షించాలి, విడిపోయే లీగుల్లో చేరడానికి వీల్లేదు. ప్రీమియర్ లీగు ఖర్చుల హద్దులు మాత్రం లీగు చేతిలోనే ఉన్నాయి, అంటే ఆ క్లబ్బుల చేతిలోనే. అక్కడ ఇంకా పని మిగిలే ఉంది.

గిగ్ లేన్‌ను 2022లో అభిమానుల కోసం తిరిగి కొన్నారు. 2023 నుంచి బరీ మళ్లీ అక్కడ ఆడుతోంది. తొమ్మిదో మెట్టు నుంచి మొదలుపెట్టింది. క్లబ్బు ఇప్పుడు సభ్యులది, ఎంత డబ్బిచ్చినా ఒక్కరికి ఒక్కటే ఓటు. మా వీధి పెద్దాయన సభ్యుడు. ఒకసారి ఆయన వంటింటి బల్ల మీద క్లబ్బు జమాఖర్చుల కాగితం పరిచి నన్ను పిలిచాడు. కళ్లద్దాలు పెట్టుకుని, వేలు వరుస వెంట నడిపిస్తూ, ఒక అంకె దగ్గర ఆగాడు. "ఇది దేనికి? నువ్వు లెక్కలవాడివి, చెప్పు" అన్నాడు. అది గడ్డి కోత, పిచ్ సంరక్షణ ఖర్చు. చెప్పాక తలూపి, కింది వరుసకు వెళ్లాడు. అలా చివరి అంకె దాకా అడిగాడు.