మట్టిముద్ద నుండి రాయి దాకా

సత్తుపల్లి ఖమ్మం జిల్లా తూర్పు అంచున ఉన్న పట్టణం. అక్కడినుండి అశ్వారావుపేట దారి పట్టినచో భద్రాచలం అడవుల ప్రాంతం దగ్గరపడును. ఇక్కడి జనానికి కాళ్ళూ చేతులే పెట్టుబడి. మోకు, ముత్తాదుతో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, పామాయిల్ గెలలు కోసే కూలి, మామిడితోటలో కాయ దింపే మనిషి, సింగరేణి సంస్థ బొగ్గుగనిలో పనిచేసే కార్మికుడు - వీరిలో ఎవరి చేయి విరిగినా ఆ దెబ్బ ఆ ఇంటి పొయ్యికి తగులును.

గీత కార్మికుడొకడు చెట్టుపైనుండి జారిపడి మణికట్టు విరిగినదనుకొందము. పిండికట్టు వేసినారు. ఆరు వారాల తరువాత కట్టు విప్పి చూడగా ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికియున్నది. కాని మణికట్టు వంగదు, పిడికిలి బిగియదు. మోకు పట్టలేని చేయి అతనికి ఉన్నా లేనట్లే. ఎముక అతికినను చేయి పనికి రాలేదేమి? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుటలోనే ఫిజియోథెరపీ అనే భౌతిక చికిత్స పుట్టి పెరిగినది.

మన దేశంలో ఈ ఆలోచన చాల పాతది. సుశ్రుత సంహితలోని చికిత్సాస్థానంలో విరిగిన ఎముకలకు బద్దలు కట్టే విధానం ఉన్నది. బద్దలకోసం చెప్పిన చెట్లలో ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది, వెదురు, మర్రి ఉన్నవి. భద్రాచలం అడవులెరిగిన వారికి ఇవన్నీ పరిచయమైన చెట్లే. అంతకంటె ముఖ్యమైన మాట ఒకటి అక్కడ కనిపించును. అరచేతి ఎముక విరిగి నయమవుతున్న రోగి మొదట మెత్తని ముద్దను చేత పట్టవలెను. చేతికి బలం చేకూరిన తరువాత రాయిని పట్టవలెను. మట్టిముద్ద నుండి రాయి దాకా మెల్లమెల్లగా బరువు పెంచుట అన్నమాట. వైద్యుడు ఎముకను అతికించుటతో ఆగక, చేతికి పనిని తిరిగి నేర్పినాడు.

తరువాతి కాలంలో కట్టు నిలిచినది గాని, మట్టిముద్ద మరుగునపడినది. తిరుపతి చేరువలోని పుత్తూరు కట్టు తెలుగువారందరికీ తెలిసినదే. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డపట్టీలతో వేసే ఆ కట్టుకోసం దూరప్రాంతాల నుండి జనం వెళ్ళుదురు. అయితే ఏ కట్టైనను, అది ఆకుపసరుదైనా పిండిదైనా, చేసే పని ఒక్కటే: అతుకు పడేవరకు ఎముకను కదలకుండ నిలుపుట. కట్టు విప్పిన తరువాతి పని వేరు.

పందొమ్మిదవ శతాబ్దంలో యూరపులో ఈ విషయమై పెద్ద వాదమే నడిచినది. లివర్‌పూల్ నగర వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ (1834-1891) గాయపడిన అంగానికి ఎడతెగని విశ్రాంతి కావలెనని పట్టుబట్టినాడు. ఆయన కల్పించిన బద్దకట్టు మొదటి ప్రపంచయుద్ధంలో తొడ ఎముక విరిగిన ఎందరో సైనికుల ప్రాణం నిలిపినది. పారిస్ వైద్యుడు ల్యూకా షాంపియోనియేర్ దీనికి ఎదురుపక్షం వహించి, మర్దనతోను, త్వరగా మొదలిడిన కదలికతోను ఎముకల గాయాలకు చికిత్స చేయవచ్చునని 1895లో గ్రంథం ప్రకటించినాడు. ఇద్దరి మాటలోను సత్యమున్నది. విరిగినచోట నిలుకడ కావలెను. తక్కిన కీళ్ళకు కదలిక కావలెను. ఏది ఎప్పుడన్నదే అసలు ప్రశ్న.

కదలిక ఎందుకు అవసరమో శరీరశాస్త్రం విశదం చేసినది. ఎముక తనపై పడే భారానికి తగినట్లు తన నిర్మాణాన్ని మార్చుకొనునని జర్మన్ వైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లో వివరించినాడు. భారం లేని ఎముక పలుచబడును. పనిలేని కండరం వారాలలోనే సన్నగిల్లును. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదలినప్పుడు దానిలోని ద్రవం స్పంజిలోనికి నీరువలె ఇంకుచు వెలువడుచు ఆహారమందించును. కీలును కప్పియున్న సంచి వంటి పొర కదలిక లేనిచో కుదించుకొని బిగిసిపోవును. మన గీత కార్మికుని మణికట్టుకు పట్టిన వ్యాధి ఇదే. కట్టు అతనికి మేలు చేసినది. ఆ మేలుకు అతడు చెల్లించిన వెల బిగిసిన కీలు.

ఈ చికిత్స ఒక వృత్తిగా రూపొందుటకు యుద్ధాలు కారణమైనవి. ఇంగ్లండులో 1894లో మర్దన నేర్చిన నర్సులు ఒక సంఘంగా ఏర్పడినారు. 1920లో ఆ వృత్తికి రాజశాసనం లభించినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డీలోర్మ్ గాయపడిన సైనికులచే బరువులెత్తించి, 1945లో తన పద్ధతిని ప్రకటించినాడు. తరువాత అది ఒక సులభమైన లెక్కగా స్థిరపడినది. రోగి వరుసగా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువు 10 కిలోలైనచో, మొదట 5 కిలోలు పదిసార్లు, పిదప 7.5 కిలోలు పదిసార్లు, చివర 10 కిలోలు పదిసార్లు ఎత్తవలెను. బలం పెరిగినకొలది బరువు పెంచవలెను. మట్టిముద్ద, రాయి అన్న పాత సూత్రమే ఇక్కడ అంకెలు తొడిగికొని వచ్చినది.

అదే కాలంలో ఇంగ్లండులోని మాన్స్‌ఫీల్డ్ వద్ద బెర్రీ హిల్ హాల్‌లో గాయపడిన బొగ్గుగని కార్మికులకోసం ప్రత్యేక కేంద్రం నడచినది. అక్కడ చికిత్సకు గమ్యం ఎముక అతుకుట కాదు. కార్మికుడు తిరిగి గనిలోనికి దిగి పనిచేయగలుగుట. 1889 నుండి బొగ్గు తవ్వుచున్న సింగరేణి ప్రాంతానికి ఈ దృష్టి ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

మన దేశంలో 1950ల ఆరంభాన ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకు పాఠశాల వెలసినది. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడినది. మన చిత్తూరు సీమకు పొరుగున ఉన్న వేలూరులో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము క్రిందిభాగం చచ్చుబడగా, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసినారు. ఆమె కృషితో 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరచినారు. 1981లో బస్సు ప్రమాదం వల్ల కుడికాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ జైపూరు కృత్రిమపాదంతో తిరిగి నాట్యం చేసిన కథ ‘మయూరి’ చిత్రం ద్వారా తెలుగువారికి సుపరిచితం. కృత్రిమపాదం జైపూరులో తయారైనది. దానితో నడక, ఆపై నాట్యం మాత్రం ఆమె దినదినం సాధన చేసి సంపాదించుకొన్నవే.

ఇక మన గీత కార్మికుడు నేడు చికిత్సకు వెళ్ళినచో ఏమి జరుగును? మొదటి దినమున కొలతలే ఎక్కువ. కోణమాపకం వంటి పరికరంతో మణికట్టు ఎంత వంగునో కొలిచి, మంచి చేతితో పోల్చుదురు. పిడికిలి పట్టు చూతురు. అతడు చేసే పని ఏమిటో అడుగుదురు. ఏలనన గమ్యం నిర్ణయించునది ఆ పనియే. పిదప వేడి కాపడం పెట్టి కీలును మెత్తబరచి, మొదట చికిత్సకుడు కదల్చును. తరువాత రోగి సాయంతో కదల్చును. ఆపై తానే కదల్చును. చివరకు బరువుకు ఎదురుగా కదల్చును. వేడి, మర్దన, విద్యుత్ పరికరాలు దారి సుగమం చేయునే గాని, నడవవలసినవాడు రోగియే.

కొంత నొప్పి తప్పదు. వ్యాయామం తరువాత కొద్ది గంటలలో తగ్గే సలుపు సహజం. మరునాటికి కూడ వాపు, నొప్పి పెరిగియున్నచో మోతాదు ఎక్కువైనదని గ్రహించి చికిత్సకునికి చెప్పవలెను. కట్టులో ఉన్నప్పుడు వ్రేళ్ళు నీలివన్నెకు తిరిగినా, తిమ్మిరెక్కినా, నొప్పి అంతకంతకు హెచ్చినా క్షణం ఆలస్యం చేయక వైద్యుని వద్దకు పోవలెను. కదలిక ఎప్పుడు మొదలిడవలెనో, దేనిని కదల్పరాదో ఎముకల వైద్యుడే నిర్ణయించవలెను.

అడవిపల్లెలనుండి ఆసుపత్రికి వచ్చుటకు బస్సు ఖర్చు, ఆ దినపు కూలి రెండూ పోవును. అందువల్ల రెండుసార్లు వచ్చి మానివేయుట సామాన్యం. చేయి బిగిసిపోవుట తరచు ఆ మానివేతలోనే జరుగును. అట్టివారు మొదటి దినముననే ఇంటివద్ద చేయవలసిన వ్యాయామాలు అడిగి నేర్చుకొనవలెను. గిన్నెడు గోరువెచ్చని నీరు, గుడ్డచుట్ట, పిడికెడు మట్టి, ఇసుక నింపిన చిన్న సంచి - ఇవి లేని ఇల్లు ఉండదు. ఇంటిలో చదువుకొనే బిడ్డ ఉన్నచో గోడపై బొగ్గుతో గీత గీసి, నాన్న చేయి ఈ వారం ఎంతవరకు లేచినదో గుర్తు పెట్టవచ్చును. వారం వారం ఆ గీత పైకి జరుగుట కంటికి కనిపించినప్పుడు, మోకు పట్టగల దినం ఎంత దూరమున్నదో ఆ ఇంటివారికే తెలియును.