వంశభూమి యాత్ర: హండే అనంతపుర సీమ పుట్టుపూర్వోత్తరములు

స్కాట్లండు ఉత్తరపర్వతసీమలో ఒక్కొక్క లోయ ఒక్కొక్క వంశమునకు నెలవై, నాయకుని నీడలో కాపులును బంట్లును ఒకే పేరు ధరించి జీవించిన కాలము 1746లో కలోడెన్ యుద్ధముతో అంతరించెను. మరుసటి ఏట నాయకుల వంశపారంపర్య న్యాయాధికారము చట్టముచే రద్దయ్యెను. పిమ్మట గొఱ్ఱెల మేపునకై పల్లెలు ఖాళీ చేయింపగా సముద్రములు దాటిపోయిన జనుల సంతతి, నేటికిని కెనడా, ఆస్ట్రేలియాలనుండి పూర్వుల కోటలను, సమాధులను వెదకికొనుచు వచ్చుచున్నది. అట్టి యాత్ర మన అనంతపుర పీఠభూమిలో సాధ్యమా యనిన, సాధ్యమే. విచిత్రమేమనగా, ఇచ్చట పాళెగాండ్ర వంశాధిపత్యమును అంతమొందించినవాడును, ఆ వంశముల చరిత్రలను ప్రోగుచేసినవాడును ఇరువురును స్కాట్లండువారే.

1800లో నిజాము దత్తమండలములను కుంపిణీకి అప్పగింపగా, గ్లాస్గోలో జన్మించిన థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి, అనంతపురమున నివసించి, సుమారు 80 మంది పాళెగాండ్ర సాయుధబలములను చెదరగొట్టి, లొంగినవారికి భరణము లేర్పరచి, రైతునుండి నేరుగా శిస్తు గైకొను రైత్వారీ పద్ధతిని నెలకొల్పి, 1807లో వెడలిపోయెను. లూయిస్ ద్వీపమున పుట్టిన కాలిన్ మెకంజీయో, తన సహాయకులైన కావలి సోదరుల తోడ్పాటుతో కరణముల కవిలెలు వెదకించి గ్రామకైఫీయత్తులను వ్రాయించెను. తరువాత సి.పి. బ్రౌన్ దొర హండే వంశ వృత్తాంతమైన అనంతపుర చరిత్రను 1853లో అచ్చువేయించెను. యాత్రికుడు మొట్టమొదట చదువవలసినది దీనినే.

విజయనగర ప్రభువుల కొలువున పేరుగాంచిన హనుమప్ప నాయడు మూలపురుషుడుగా, హండేవారి శాఖలు బళ్ళారిలోను అనంతపురములోను పాలించినవి. అనంతపుర పట్టణమునకు హండే అనంతపురమను వ్యవహారము అందుచేతనే కలిగెను. ఈ వంశము గుత్తి పాలకుడు మురారిరావు ధాటికి నలిగి, 1776లో గుత్తి మైసూరు హైదరాలీ వశమైన పిమ్మట మైసూరునకు లోబడెను. టిప్పు కాలమున పురుషసంతతి దాదాపు నిర్మూలితము కాగా, శ్రీరంగపట్టణమునుండి తప్పించుకొనిన ఈ వంశపు సిద్దప్ప 1799లో టిప్పు మరణానంతరము మరలివచ్చి, తుదకు సిద్దరాంపురముతో తృప్తిపడవలసివచ్చెను.

ఈ వంశభూమి యాత్రకు ఈ సీమలోని బెళుగుప్ప అను ఊరు తగిన మొదటి మజిలీ. పడమట రాయదుర్గము, దక్షిణమున కల్యాణదుర్గము, తూర్పున అనంతపురము దీనికి చుట్టును కలవు. అయితే ఇవి ఒకే వంశపు సొత్తు కావు. రాయదుర్గము కోనేటి నాయకుని సంతతివారిది. కల్యాణదుర్గము బోయ కల్యాణప్ప పేర వెలసినది. కావున యాత్రికుడు ఒక వంశమును నిర్ణయించుకొని, దాని ఊళ్ళనే అనుసరించుట మేలు. వేరుశనగ పెరికివేత ముగిసి, ఈశాన్య ఋతుపవనముల వానలు వెలిసిన మార్గశిరమాసము ప్రయాణమునకు అనుకూలము. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియు ఈ సీమలో, ఏ కొంచెమైనను నీరు కంటబడినచో అది అప్పుడే.

నీటిని గూర్చి చెప్పుటకు కారణము లేకపోలేదు. ఈ సీమలో వంశములను మించి నిలిచినవి చెరువులు. విజయనగర ప్రభువు బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు పండమేరు వాగునకు అడ్డుకట్ట వేయించి చెరువు కట్టించి, కట్ట కిరువైపుల బుక్కరాయసముద్రము, అనంతసాగరము అను ఊళ్ళను వెలయించెనని ప్రతీతి. ఆ చెరువుగండి పూడ్చుటకు ఆత్మార్పణము గావించిన ముసలమ్మ కథ బ్రౌన్ ప్రకటించిన చరిత్రలో నుండగా, కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిదశయందే దానిని కావ్యముగా రచించిరి. నాయకుల యుద్ధములను నింపుకొనిన చరిత్రలో ప్రజలకు మిగిలిన కథానాయిక ఏ కోటలోను పుట్టినది కాదు, ఒక కాపుకోడలు.

కావున యాత్రికుడు తన పూర్వులు కోటలోనివారని ముందుగానే తలంపరాదు. పాళెగాని కొలువున కట్టుబడి బంట్లుగా, కరణములుగా, నీరుకట్లుగా ఇనాం భూములు అనుభవించిన కుటుంబములే పెక్కు. 1858లో ఏర్పడిన మద్రాసు ఇనాం కమిషను ఆ భూములను విచారించి, అనుభవించినవారి పేరును, వారు చేసిన సేవను, భూమి విస్తీర్ణమును రిజిస్టర్లలో నమోదు చేసెను. కైఫీయత్తులో నాయకుని పేరు దొరకిన, ఇనాం రిజిస్టరులో తన తాతముత్తాతల పేరు దొరకును. ఈ రెండును చేతబట్టుకొని, చెరువుకట్టవెంట ఊరూర విచారించుచు పోవుటయే ఇచ్చటి సరియైన ప్రయాణక్రమము.

బెళుగుప్ప మండలమందలి జీడిపల్లి జలాశయమునకు 2012లో హంద్రీ-నీవా కాలువద్వారా కృష్ణాజలములు వచ్చినవి. హండేవారికి వంశచరిత్ర వ్రాసినవారు కలరు గాని, ఈ సీమ పాత చెరువులను తవ్వినవారి పేర్లు వ్రాసినవారు లేరు. జీడిపల్లి విషయమున ఆ లోపము జరుగకుండుటకు, కట్టకు మన్నెత్తిన కూలీల పేర్లను, భూమి విడిచిన రైతుల పేర్లను నేడే ఊరూర సేకరించి భద్రపరచుట మేలు. మెకంజీ పని మనమే చేయవచ్చును.