ప్రయాణపు బండిలో సంచాయక ఘటము

కొన్నేండ్ల క్రిందట మా విద్యార్థులతో ఒక విజ్ఞాన ప్రదర్శనమును ట్రెయిలరు బండిమీద మదనపల్లెలో బయలుదేరదీసి, పుంగనూరు మీదుగా పల్లెపల్లెకు ఆగుచు నెలన్నరకు కుప్పము చేర్చితిమి. దీపములకు, పంకాకు లారీలలో వాడెడి క్రొత్త 12 వోల్టుల బ్యాటరీ నొకదానిని అమర్చితిమి. రాత్రి దానిని పూర్తిగా ఖాళీచేయుట, పగలు నింపుట. మొదట దీపములు నాలుగు గంటలు వెలిగెను. కుప్పములో అరగంటకే మినుకుమినుకుమన్నవి. దుకాణదారుడు మోసగించెనని పిల్లల ఆగ్రహము. మోసమేమియు లేదు. దానిది కాని పనిని దానిచేత మేమే చేయించితిమి.

ఈ పొరపాటు వెనుక పెద్ద చరిత్రయే కలదు. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను చుట్టగా చుట్టి సజల గంధకికామ్లములో ముంచి, మరల మరల నింపుకొనదగిన ఘటమును నిర్మించెను. రేకులు పదునెక్కుటకు పలుమారులు నింపి ఖాళీచేయవలసి వచ్చెడిది. 1881లో కెమిల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను పలకలకు పూసి ఆ శ్రమను తగ్గించెను. ఆ సంవత్సరమే లండను–బ్రైటను రైలులో ఒక పెట్టెను ఫోర్ ఘటములతో వెలిగించిరి. కదిలెడి ఇంటికి దీపము పెట్టుట ఆనాడే ఆరంభమైనదన్నమాట!

తరువాత పెట్టె ఇరుసుకు బెల్టుతో డైనమోను తగిలించిరి. బండి పరుగెత్తునపుడు డైనమో ఘటములను నింపును. స్టేషనులో నిలిచినపుడు ఘటములే దీపములను వెలిగించును. 1864లో తెరచిన జోలార్‌పేట–బెంగుళూరు మార్గములోని కుప్పము స్టేషనులో బండి ఆగినను పెట్టెలలో వెలుతురు ఆరకుండుటకు తరువాతి కాలమున ఈ ఏర్పాటే ఆధారమైనది. 24 వోల్టుల పద్ధతిలో పన్నెండు ఘటములు. ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులు.

1912లో కాడిలాక్ మోటారుకారుకు విద్యుత్ స్టార్టరు వచ్చినది. దీని అవసరము వేరు: కొన్ని క్షణములపాటు నూర్లకొలది ఆంపియర్లు. అందుకై పలకలను పలుచగా, అనేకముగా చేసి ఆమ్లమునకు తగిలెడి వైశాల్యమును పెంచిరి. లారీ బ్యాటరీది ఈ వంశమే.

ఘటము ఖాళీయగునపుడు రెండు పలకలమీదను సీసపు సల్ఫేటు ఏర్పడును. ఇది మూలపదార్థముకంటె ఎక్కువ చోటాక్రమించును గనుక ముద్ద ఉబ్బును. నింపినపుడు మరల తగ్గును. పలుచని పలకలలో ఈ ఉబ్బుతగ్గులకు ముద్ద రాలి అడుగున గోధుమరంగు బురదగా చేరును. ఖాళీగా వదలివేసినచో సల్ఫేటు పెద్ద స్ఫటికములుగా గట్టిపడి మరల కరగదు. లోతుగా వాడుటకు ఉద్దేశించిన ఘటములలో పలకలు మందముగా నుండును. గొట్టపు పలకలైనచో ధనపలక ముద్దను సూక్ష్మరంధ్రములు గల గొట్టములలో బంధింతురు. మన ఇండ్ల ఇన్వర్టర్లక్రింద నుండునవి చాలవరకు ఇవియే. 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ తిరుపతి సమీపమున కరకంబాడిలో నున్నందున, బ్యాటరీ మన ప్రాంతమునకు దూరపు వస్తువు కాదు.

రెండవ యాత్రకు ముందు కాగితముపై లెక్క వేసితిమి. 10 వాట్ల దీపములు రెండు, అయిదు గంటలు: 100. 30 వాట్ల పంకా అయిదు గంటలు: 150. 60 వాట్ల ప్రొజెక్టరు రెండు గంటలు: 120. మొత్తము 370 వాట్-గంటలు; 12చే భాగింపగా సుమారు 31 ఆంపియర్-గంటలు. సగముకంటె ఎక్కువ వాడరాదనుకొన్నచో 62 కావలెను. పైగా వేగముగా తోడినకొలది దక్కునది తగ్గునని 1897లో ప్యూకెర్ట్ చూపియున్నాడు. కావున 100 ఆంపియర్-గంటల గొట్టపు బ్యాటరీని కొంటిమి.

లిథియం–ఇనుప ఫాస్ఫేటు ఘటములు తేలిక, దీర్ఘాయువు. వెల మాత్రము మా నిధికి మించినది. మాది ఇద్దరు పిల్లలు మోయవలసినంత బరువు. వెలువడు హైడ్రోజను పోవుటకు పెట్టెకు రంధ్రములు చేసి, స్వేదనజలపు సీసాను ప్రక్కన కట్టితిమి. కుప్పములో ఆఖరి రాత్రి చూపరులు వెళ్లిన పిదప దీపములను మేమే ఆర్పితిమి.