పాత జీపు కొనే ముందు దాని చరిత్ర చదవండి: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల

ఈరోజు ఎపిసోడ్ పాత జీపుల మీద, పాత జీపు పికప్పుల మీద.

రీల్స్‌లో ఒక పాత జీపు కనిపిస్తే చాలు, మన కడప పిల్లోళ్లకు ప్రాణం లేచొస్తుంది. "అన్నా, ఒకటి తీసుకుందామనుకుంటున్నా, మెయింటెనెన్స్ ఎంతవుతుంది?" అని నన్ను అడిగేవాళ్లు చాలామంది. దీనికి ఒక రేటు చెప్పేసి వదిలేయడం కుదరదు. ఎందుకంటే పాత జీపులో వచ్చే ప్రతి రిపేరు వెనకా ఒక చరిత్ర ఉంటుంది. ఆ బండి దేనికోసం పుట్టింది, మన ఊరి నీళ్లు, మట్టి దాన్ని ఏం చేశాయి, మన మేస్త్రీలు అందులో ఏం మార్చారు. ఈ మూడూ తెలిస్తే ఖర్చు ఎక్కడ వస్తుందో మీకే అర్థమవుతుంది.

ముందు పుట్టుక. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే ఉక్కు వ్యాపార కంపెనీ మొదలైంది. దేశ విభజన తర్వాత అందులో భాగస్వామి గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి, ఆ దేశానికి తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. ఆ దశకం చివర్లోనే విల్లీస్ విడిభాగాలు ఓడల్లో తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలైంది.

1953లో అమెరికాలో సీజే-3బి మోడల్ వచ్చింది. దాని హరికేన్ ఇంజిన్ పాతదానికంటే ఎత్తు. పాత బానెట్ కింద పట్టలేదు, అందుకని బానెట్ లేపారు. షెడ్డుల్లో "హై బానెట్", "లో బానెట్" అంటారే, ఆ తేడా ఇదే. అమెరికాలో ఈ మోడల్ 1968లో ఆగిపోయింది. మన దగ్గర దాని వారసులు ఇంకో నలభై ఏళ్లు తయారయ్యాయి.

1960ల మధ్య నుంచి మహీంద్రా ఫార్వర్డ్ కంట్రోల్ పికప్పులు కూడా చేసింది. ముక్కు లేని బండి. ఇంజిన్ క్యాబిన్ లోపలే, డ్రైవర్ పక్కనే ఉంటుంది. వెనక సరుకుకు చోటు ఎక్కువ దొరుకుతుంది, నిజమే. కానీ మే నెల ఎండలో కడప జిల్లాలో ఆ క్యాబిన్ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

సినిమాలు మన సీమ జీపును కత్తులకీ బాంబులకీ ముడేసి పెట్టాయి. కానీ అది ఎక్కువగా చేసింది కూలి పనే. ప్రొద్దుటూరు బట్టల మూటలు, జమ్మలమడుగు వైపు నాపరాయి క్వారీలు, పులివెందుల చీనీకాయలు, వేముల బెరైటీస్ గనులు, బ్రాహ్మణపల్లె ఆస్బెస్టాస్ గనులు. బస్సు పోని పల్లెకు జీపు పోయేది. కాన్పు నొప్పులొచ్చిన ఆడమనిషిని ఆసుపత్రికి చేర్చిందీ అదే.

ఇప్పుడు మన నేల ఆ బండిని ఏం చేసిందో చూద్దాం.

మొదటిది నీళ్లు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతమంతా సున్నపురాయి. నార్జి అనే ఊరి పేరు మీద భూగర్భ శాస్త్రంలో ఒక సున్నపురాయికి పేరే ఉంది. ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టింది ఆ రాయి కోసమే. ఆ రాయిలోంచి వచ్చే బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఇంట్లో గీజర్‌కి, బిందెకి తెల్లగా పొర కట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. గొట్టాలు మూసుకుపోతే ఇంజిన్ వేడెక్కుతుంది. హెడ్ గాస్కెట్ పోతుంది, ఆ తర్వాత హెడ్డే వంగుతుంది. కాబట్టి పాత జీపు చూడబోతే ముందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి లోపల చూడండి. తెల్ల పొర, తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే ఖర్చు అక్కడే మొదలైందని అర్థం. బాగున్న బండిలో అయినా బోరు నీళ్లు వద్దు, కూలెంట్ పోయండి.

రెండోది ఎండ. పాత పెట్రోల్ జీపులో పెట్రోల్ పంపు ఇంజిన్‌కే అంటుకుని ఉంటుంది. బాగా వేడెక్కితే పైపులోనే పెట్రోల్ ఆవిరై, బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టి, పది నిమిషాలు ఆగి, మళ్లీ స్టార్ట్ చేసేవాళ్లు. ఇది మంత్రం కాదు. చల్లబడితే ఆవిరి మళ్లీ పెట్రోల్ అవుతుంది, అంతే.

మూడోది నల్లరేగడి. వానాకాలంలో ఆ జిగురు మట్టి బ్రేక్ డ్రమ్ముల్లోకి, కింగ్ పిన్‌ల దగ్గరికి, కమాన్ కట్టల బుష్‌లలోకి చేరుతుంది. గ్రీజు సరిగ్గా కొట్టకపోతే అక్కడ ఇనుము అరుగుతుంది. తర్వాత ఒక స్పీడులో చిన్న గుంట తగిలితే స్టీరింగ్ గడగడలాడుతుంది.

ఇక్కడ ప్రాణం సంగతి చెప్పాలి. పాత జీపుల్లో బ్రేకుకు ఒకటే ఆయిల్ లైన్. ఒక్క చక్రం దగ్గర సిలిండర్ లీకైతే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. పోనీ హ్యాండ్ బ్రేక్ ఉంది కదా అంటారా? అది చక్రాలను పట్టుకోదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉన్న డ్రమ్మును పట్టుకుంటుంది. ఆ కేసు ఆయిల్ కారడం ఈ బండ్లకు మామూలే. కారిన ఆయిల్ ఆ డ్రమ్ములోకే చేరి, హ్యాండ్ బ్రేక్ జారిపోతుంది. కాబట్టి గండికోట రీల్ తీసే ముందు, పెయింట్ కంటే ముందు, బ్రేకులకు డబ్బు పెట్టండి.

మన నేల చేసిన మేలు కూడా ఒకటుంది. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, సముద్రం పక్క జీపులకు పట్టినంత తుప్పు మన బండ్ల బాడీకి పట్టదు.

నాలుగోది మనుషులు మార్చింది. ఒకప్పుడు పెట్రోల్ కంటే డీజిల్ చాలా చవక. 1980ల్లో మహీంద్రానే ప్యూజో లైసెన్సుతో 2,112 సీసీ డీజిల్ ఇంజిన్లు పెట్టింది. దాన్ని చూసి పాత పెట్రోల్ జీపులకు కూడా దొరికిన డీజిల్ ఇంజిన్ బిగించేశారు. ఇది చాలా తెలివైన పని. కానీ బరువూ వణుకూ పెరిగి, ఇంజిన్ మౌంట్ల దగ్గర ఛాసిస్ పగుళ్లు వస్తాయి. ఇంకో చిక్కు కాగితాల్లో ఉంటుంది. ఆర్సీలో పెట్రోల్, బానెట్ కింద డీజిల్. ఇంజిన్ మార్పు ఆర్సీలో ఎక్కకపోతే, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర మీరే ఇరుక్కుంటారు.

ఇప్పుడు లెక్క. పెట్రోల్ జీపు లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇచ్చిందనుకుందాం. లీటరు 110 రూపాయల లెక్కన వంద కిలోమీటర్లకు 1,375 రూపాయలు. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు, జీపుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600. 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000కు పెంచారు. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా కొత్తగా నమోదు చేయిస్తే నంబరులో "వీఏ" అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు 20,000. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడానికి, బాడుగకు తోలడానికి లేదు.

ఇవన్నీ కాగితం మీద రాసుకోగలిగే ఖర్చులు. రాసుకోలేనిది ఒకటుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు, రాసినవాళ్లు వెళ్లిపోయిన పాత కోడ్ అంటే అందరికీ భయం. జీపు కూడా అంతే. ఇన్నేళ్లు అది చవగ్గా నడిచింది, ఎందుకంటే దొరకని పార్టును లేత్ మీద తీసిచ్చే మనిషి వీధి చివరే ఉండేవాడు. శబ్దం విని జబ్బు చెప్పే మేస్త్రీలు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. వాళ్ల పిల్లలు ఆ షెడ్డుకు రావడం లేదు.

అందుకే నా సలహా ఒక్కటే. ముందు బండిని కాదు, మేస్త్రీని వెతకండి. ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో ఒక పెద్దాయన దొరికితే, ఆయన్ను బండి చూడ్డానికి తీసుకెళ్లండి. ఆయన రిపేరు చేసేటప్పుడు పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకోండి, పేర్లు రాసుకోండి. ఆయన చేతిలో ఉన్న పని మీకు కొంచెమైనా వస్తే జీపు మీ దగ్గర బతుకుతుంది. లేకపోతే అది ఇంటి ముందు టార్పాలిన్ కింద ఉండిపోతుంది.